లినక్సు కంప్యూటరుపై ఆటలు, దృశ్యప్రసారములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



రజతోత్సవ సభలో గడచిన కాలమును కొనియాడుట ఆచారము. ఆ పని నాకంటె బాగుగా చేయగల పెద్దలు ఈ వేదికపై ఉన్నారు. కార్యవర్గమువారు నాకు అప్పగించిన విషయము వేరు. గ్రంథాలయములోని పాత కంప్యూటర్లను అమ్మివేయవలెనా, ఉంచుకొనవలెనా? ఉంచుకొన్నచో వానిపై మన పిల్లలు ఆటలాడుకొనగలరా, పాఠములు, చలనచిత్రములు చూడగలరా? “లినక్సు పెట్టినచో ఆటలు ఉండవు, వీడియోలు రావు, విండోసు సామగ్రి ఏదియు నడువదు” అని మన యువకులు అనుచున్నారు. ఆ మాటలో ఎంత నిజము కలదో విచారించుటయే నేటి నా పని.

ఈ ప్రశ్న ఇప్పుడే ఏల వచ్చినది? మైక్రోసాఫ్టు సంస్థ విండోసు 10కి సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించినది. దాని తరువాతిదైన విండోసు 11ను పెట్టవలెనన్నచో టీపీఎం 2.0 అను భద్రతాభాగము ఉండవలెను. ప్రాసెసరు సుమారుగా 2018 నాటిదో, అటు తరువాతదో కావలెను. మన గ్రామములలోని బడులకు, గ్రంథాలయములకు దాతలిచ్చిన యంత్రములలో చాలభాగము అంతకంటె పాతవి. యంత్రము చెడలేదు, మీట నొక్కినచో పలుకుచున్నది, ఐనను దానిని పనికిరానిదనుచున్నారు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఉద్దానము తోటలను పెకలించివేసిన తరువాత, కాయుచున్న చెట్టు విలువ ఎంతటిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కాయుచున్న జీడిచెట్టును వయసు మీరినదని నరుకువాడు మనలో ఉండడు. యంత్రము విషయమునను అదే వివేకము ఉండవలెను.

లినక్సు అనగా ఏమో ముందుగా చెప్పెదను. కంప్యూటరును నడపు మూల వ్యవస్థలలో విండోసు ఒకటి, లినక్సు మరియొకటి. 1983లో అమెరికాలో రిచర్డు స్టాల్‌మన్ అను ఆయన, ఎవరైనను వాడుకొనుటకు, లోపల చూచి నేర్చుకొనుటకు, సవరించుటకు, ఇతరులకు పంచుటకు స్వేచ్ఛగల వ్యవస్థను నిర్మింతునని ప్రకటించి, దానికి గ్నూ అని పేరిడెను. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆ వ్యవస్థకు కొరతగానున్న కీలక భాగమును వ్రాసి విడుదల చేసెను. రెండును కలిసి నేటి లినక్సు వ్యవస్థ ఐనవి. మన తెలుగు లిపికి స్థానమిచ్చిన యూనీకోడు తొలి ప్రమాణము వెలువడినదియు 1991లోనే.

లినక్సు మనకు క్రొత్తది కాదు. భావనపాడు తీరమున చేపలవానికైనను, పలాస జీడిపప్పు కర్మాగారములో పనిచేయు అక్కకైనను చేతిలో ఆండ్రాయిడు ఫోను ఉన్నచో, దాని గర్భమున నడచుచున్నది లినక్సే. ప్రపంచములోని మహాయంత్రములలో మొదటి 500 యంత్రముల జాబితా తీసినచో, 2017 నవంబరు నుండి ఆ 500ను లినక్సు మీదనే నడచుచున్నవి. గ్రంథాలయమునకును దీనికిని సహజమైన చుట్టరికము కలదు. ఒక పుస్తకమును పదిమంది చదువుట గ్రంథాలయ ధర్మము. ఒక ప్రతిని పదిమందికి పంచుట ఈ వ్యవస్థ ధర్మము.

అట్లయినచో విండోసు కొరకు వ్రాసిన ఆట దీనిపై ఏల నడువదు? భాష వేరగుట వలన. ప్రతి ప్రోగ్రాము తాను పనిచేయునప్పుడు మూల వ్యవస్థను కొన్ని కోరికలు కోరుచుండును: “ఈ ఫైలును తెరువుము, ఈ బొమ్మను గీయుము, ఈ ధ్వనిని వినిపింపుము” అని. విండోసు ప్రోగ్రాము ఆ కోరికలను విండోసు మాటలలో కోరును. లినక్సునకు ఆ మాటలు తెలియవు.

ఇచ్ఛాపురము సంతలోగాని, మందస వీథిలోగాని దీనికి మనవారు ఏనాడో ఉపాయము కనుగొన్నారు. ఒడియా మాత్రమే తెలిసిన కొనుగోలుదారు, తెలుగు మాత్రమే తెలిసిన వర్తకుని వద్దకు వచ్చినచో బేరము ఆగిపోవునా? ఆగదు. రెండు భాషలు తెలిసినవాడొకడు నడుమ నిలుచును. సరకు మారదు, తక్కెడ మారదు, రూపాయి మారదు. మాట ఒక్కటే మారును. కంప్యూటరులో అట్టి దుబాసీయే వైన్ అను ప్రోగ్రాము. పేరు ద్రాక్షసారాను తలపించును గాని, ‘ఇది అనుకరణ యంత్రము కాదు’ అను ఆంగ్ల వాక్యములోని మొదటి అక్షరములు కూర్చి ఆ పేరు పెట్టిరి. నిజముగానే అది యంత్రములో మరియొక యంత్రమును నటింపజేయదు. ప్రాసెసరు గ్రహించు మూల సూచనలు రెండు వ్యవస్థలకును ఒక్కటే కావున లెక్కలన్నియు నేరుగానే జరుగును. కోరికలు మాత్రమే తర్జుమా అగును. అందుచేతనే వేగము పెద్దగా తగ్గదు.

ఈ దుబాసీని తయారుచేయుట సులభముగా జరుగలేదు. విండోసు మూలపాఠమును మైక్రోసాఫ్టువారు బయటపెట్టరు. వైన్ నిర్మాతలు ప్రకటిత పత్రములను చదివి, ఏ పిలుపునకు విండోసు ఏ జవాబిచ్చునో పరీక్షించి చూచి, అదే జవాబునిచ్చు తమ సొంత పాఠమును వ్రాయవలసి వచ్చినది. ఈ రకపు శ్రమ ఎట్టిదో మన ప్రాంతమువారికి బాగుగా తెలియును. శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి సవర భాషను అభ్యసించిరి. లిపిలేని ఆ భాషను సవరల నోట విని, వ్రాసికొని, సరిచూచుకొని 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. పుస్తకము లేనిచోట పలుకే ప్రమాణమైనది. వైన్ పని 1993లో ఆరంభమైనది. 1994 నుండి అలెగ్జాండర్ జూలియార్ అను ఆయన దానికి నాయకత్వము వహించుచున్నారు. మొదటి పరిపూర్ణ సంచిక, అనగా 1.0, వెలువడినది 2008 జూను 17న. పదునైదు సంవత్సరముల వినికిడి ఫలము అది.

ఐనను ఆటల విషయములో మరియొక చిక్కు మిగిలినది. ఆటలలోని త్రిపరిమాణ దృశ్యములను గీయుటకు విండోసులో డైరెక్ట్‌త్రీడీ అను ప్రత్యేక భాష కలదు. లినక్సు వైపున దానికి సాటియైన శీఘ్ర సాధనము చాలకాలము లేకపోయినది. 2016 ఫిబ్రవరిలో వల్కన్ అను క్రొత్త చిత్రణ ప్రమాణము వచ్చినది. డైరెక్ట్‌త్రీడీ కోరికలను వల్కన్ కోరికలుగా మార్చు డీఎక్స్‌వీకే అను తర్జుమా పొరను స్వేచ్ఛా నిర్మాతలు దానిపై కట్టిరి. స్టీమ్ అను ఆటల అంగడిని నడపు వాల్వ్ సంస్థ 2013లోనే ఆ అంగడిని లినక్సునకు తెచ్చియుండెను. 2018 ఆగస్టులో ఆ సంస్థ వైనును, డీఎక్స్‌వీకేను కలిపి ప్రోటాన్ అను పేర అందించినది. దానితో ఆట కొన్నవాడు దుబాసీని తాను వెదకి తెచ్చుకొను పని తప్పినది. మీట నొక్కినచో చాలును. 2022 ఫిబ్రవరిలో అదే సంస్థ స్టీమ్ డెక్ అను చేతి యంత్రమును విడుదల చేసినది. దానిలో నడచునది లినక్సు. దానిపై ఆడుకొనుచున్నవి చాలవరకు విండోసు కొరకు వ్రాసిన ఆటలే.

వాల్వ్ వారు దీనిని ధర్మకార్యముగా చేసినారని నేను చెప్పుట లేదు. తమ అంగడి మొత్తము మరియొకరి స్థలములో ఉన్నచో, స్థలము యజమాని రేపు తానే అంగడి తెరచినచో తమ గతి ఏమగునని వారు ఆలోచించిరి. 2012లో విండోసు 8తోపాటు మైక్రోసాఫ్టు తన సొంత అంగడిని తెరచియుండెను. లాభాపేక్షతో చేసిన పనియైనను ఫలము అందరికిని పంచబడినది. ప్రోటాన్ మూలపాఠమును ఎవరైనను చూడవచ్చును, వాడవచ్చును.

కావున “లినక్సుపై ఆటలు ఉండవు” అను మాట పదేండ్ల క్రిందట చాలవరకు నిజము. నేడు చాలవరకు అబద్ధము. చాలవరకు అంటిని గాని పూర్తిగా అనలేదు. మిగిలిన నిజమును గూడ దాచక చెప్పుట నా విధి.

పలువురు ఒకేసారి పోటీపడు కొన్ని ఆటలలో మోసమును పట్టుటకు కాపలా ప్రోగ్రాములు ఉండును. వానిలో కొన్ని విండోసు గర్భములోనికి చొచ్చి కూర్చుండును. అట్టి కాపలా గల వాలరెంట్ లినక్సుపై నడువదు. ఫోర్ట్‌నైట్ యజమానులును లినక్సును తమ ఆటకు అనుమతించలేదు. ఇచట గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. ఈజీ యాంటీచీట్, బ్యాటిల్‌ఐ అను రెండు పేరుగాంచిన కాపలా ప్రోగ్రాములు 2021 నుండి ప్రోటాన్‌లో పనిచేయుటకు వీలు కల్పించినవి. కాని ప్రతి ఆట యజమానియు తన ఆటకు ఆ అనుమతిని విడిగా ఇయ్యవలెను. కొందరిచ్చిరి, కొందరీయలేదు. అనగా అనేక సందర్భములలో లోపము దుబాసీ నేర్పులో లేదు. తలుపునకు తాళము వేసినవాని ఇష్టములో కలదు. యంత్రమునకు శక్తి లేక పని జరుగకపోవుట వేరు, అనుమతి లేక జరుగకపోవుట వేరు. ఈ భేదమును మన పిల్లలు తెలిసికొన్నచో, ఆట ఆడినను ఆడకున్నను ఒక పాఠము నేర్చుకొన్నట్లే.

పాత యంత్రము సంగతియు నిష్పక్షపాతముగా చూడవలెను. లినక్సు పెట్టినంత మాత్రమున ముసలి ఎద్దు కోడెదూడ కాదు. వల్కన్‌కు తగిన చిత్రణ భాగము కావలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో ఆరవ తరము మొదలుకొని ఇది బాగుగా కుదురును. అంతకు ముందువానిలో అరకొరగా ఉండును, లేదా ఉండదు. అట్టి యంత్రములపై నేటి పెద్ద ఆటలను ఆశింపరాదు. విండోసు ఉన్నను అవి వానిపై నడువవు గదా! వానికి తగిన ఆటలు వేరుగా కలవు. సూపర్‌టక్స్‌కార్ట్ అను బండ్ల పందెము, వెస్‌నాత్ అను యుద్ధవ్యూహపు ఆట, మరి ఎన్నియో స్వేచ్ఛగా, వెల లేక లభించును. అన్నిటికంటె గ్రంథాలయమునకు తగినది చదరంగము. ప్రపంచ ఛాంపియన్లను మించిన బలముగల స్టాక్‌ఫిష్ అను చదరంగ ప్రోగ్రాము స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. అది పాత యంత్రముపైనను చక్కగా ఆడును. మన ఆంధ్ర ఆడపడుచు కోనేరు హంపి 2019లోను, 2024లోను మహిళల ప్రపంచ ర్యాపిడ్ చదరంగ విజేతయైనది. ఉద్దానములో ఒక ఆడపిల్ల ఆ త్రోవ పట్టదలచినచో, రాత్రి పగలు విసుగక ఆడు గురువు ఈ మూలనున్న పాత పెట్టెలో సిద్ధముగా ఉన్నాడు.

ఆటలనగానే పెద్దల మనస్సున కలుగు భయమును నేను ఎరుగుదును. పిల్లవాడు ఆడు ఆట వేరు, డబ్బొడ్డి ఆడు జూదము వేరు. ఆన్‌లైను జూదమును మన రాష్ట్రము 2020లో నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ముడిపడిన ఆన్‌లైను ఆటలను నిషేధించుచు చట్టము చేసినది. గ్రంథాలయములో వానికి తావు లేదు. తక్కిన ఆటలకు కాలనియమము ఉండవలెను. పుస్తకమునకు గడువు తేదీ వేసినట్లే ఆటకును గంట లెక్క వేయుడు. అంతియే గాని ఆటనే వెలివేయవలదు. ఆటకొరకు వచ్చిన పిల్లవాడే రేపు పుస్తకము కొరకు చేయి చాచును.

ఇక వీడియోల విషయము. ఇచట చిక్కు తక్కువ. 1996లో పారిసులోని ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు తమ వసతిగృహములలో దృశ్యములను ప్రసారము చేసికొనుటకు ఆరంభించిన పనియే వీఎల్‌సీ. నేడు విండోసు వాడువారుకూడ దానినే వాడుచున్నారు. లినక్సుపై వీఎల్‌సీ ఉన్నచో ఇంచుమించు ప్రతి వీడియో ఫైలును తెరచును. యూట్యూబు ఫైర్‌ఫాక్సు బ్రౌజరులో మామూలుగానే నడచును. యంత్రము పాతదైనచో చిత్రము ఆగి ఆగి కదలవచ్చును. దానికి కారణము లినక్సు కాదు. క్రొత్త పద్ధతులలో కుదించిన దృశ్యమును విప్పు భాగము పాత యంత్రములో లేకపోవుట. స్పష్టతను 480కి తగ్గించినచో చిత్రము సాఫీగా సాగును, మన డేటాయు మిగులును.

రుసుము చెల్లించి చూచు చలనచిత్ర సేవలలో మాత్రము మరల తాళము ఎదురగును. వైడ్‌వైన్ అను తాళపు ప్రోగ్రాము లేనిదే ఆ సేవలు చిత్రము చూపవు. అది లినక్సులోని క్రోమ్, ఫైర్‌ఫాక్సు బ్రౌజర్లలో పనిచేయును. నెట్‌ఫ్లిక్సు 2014 నుండి లినక్సుపై కనబడుచున్నది. కాని అత్యున్నత స్పష్టతను ఆ సేవలు లినక్సునకు తరచుగా ఈయవు. చిన్న తెరపై చూచువారికి ఇది పెద్ద లోటు కాదు. ఐనను తెలిసి చందా కట్టుట మంచిది.

మన గ్రంథాలయమునకు సినిమాలకంటె ముఖ్యమైనవి పాఠములు. బొంబాయి ఐఐటీవారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు తెలుగు వ్యాఖ్యానముతో కలవు. లినక్సును, లిబ్రెఆఫీసును, ఇంకను పెక్కింటిని మన భాషలో నేర్పును. వానిని దింపుకొని పంచుకొనుటకు అనుమతి కలదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనది. కివిక్స్ అను సాధనముతో దానిని యంత్రములో నిలువచేసికొన్నచో ఇంటర్నెట్టు లేకున్నను చదువుకొనవచ్చును. జెల్లీఫిన్ అను స్వేచ్ఛా ప్రోగ్రామును ఒక పాత కంప్యూటరులో పెట్టి, అందు ఈ పాఠములను ఉంచినచో, గ్రంథాలయపు ఆవరణలో కూర్చున్న ప్రతివాని ఫోనులోను అవి కనబడును. దానికి బయటి ఇంటర్నెట్టుతో పని లేదు. లోపలి వైఫై చాలును. తిత్లీ వచ్చినప్పుడు కరెంటు స్తంభములు కూలి, ఫోను టవర్లు మూగబోయి మన గ్రామములు రోజుల తరబడి చీకటిలో ఉండుట మీకు అనుభవమే. దూరమున ఉన్న సర్వరును నమ్ముకొన్న జ్ఞానము అట్టి రోజున అందదు. మన బీరువాలో ఉన్నది, ఒక చిన్న జనరేటరు ఉన్నచో, అందును.

చూచుటయే గాక, చూపుటకును లినక్సు చాలును. ఓబీఎస్ స్టూడియో అను స్వేచ్ఛా ప్రోగ్రాముతో ఇట్టి సభను నేరుగా యూట్యూబులో ప్రసారము చేయవచ్చును. వేరావల్ రేవులో పడవపై ఉన్న మన తమ్ముడు, గల్ఫులో పనిచేయు మన అన్న తన ఊరి గ్రంథాలయ సభను అక్కడనుండి చూడగలడు. దీనికి కావలసినది ఒక కెమెరా, మంచి మైకు, పైకి పంపుటకు సెకనుకు మూడు నాలుగు మెగాబిట్ల వేగముగల సంబంధము.

విండోసు సామగ్రి అనగా మన ముద్రాపకులకు తోచునది ఆట కాదు, అను స్క్రిప్టు, పేజ్‌మేకరు. తెలుగు అచ్చు పని చాలకాలముగా వానిపై నడచినది. అను అక్షరములు యూనీకోడు కావు. ఆ అక్షరశైలి లేని యంత్రములో ఆ పాఠము అర్థము లేని గుర్తులుగా కనబడును. పేజ్‌మేకరు ఆఖరి ప్రధాన సంచిక 2001 నాటిది. వైన్ దుబాసీతనము వీనికి సరిపడునని నమ్మి ముద్రణపని దానిపై ఆధారపరుపవలదు. ముద్రణాలయములో ఒక విండోసు యంత్రమును ఉంచుకొనుట తప్పు కాదు. కాని ఇకమీదట గ్రంథాలయ పత్రములను, పుస్తకముల పట్టికను యూనీకోడులోనే వ్రాయుడు. లిబ్రెఆఫీసు దానికి చాలును. గిడుగు, గురజాడ, మండలి మొదలగు పేర్లతో అందమైన యూనీకోడు అక్షరశైలులు స్వేచ్ఛగా లభించుచున్నవి. అట్లు వ్రాసినది మరియొక పాతిక సంవత్సరముల తరువాతను చదువుటకు వీలగును. తాళపు లిపిలో వ్రాసినది ఆ తాళముతోనే పోవును.

మనము ఒంటరివారము కాము. హైదరాబాదులో 2005 నుండి స్వేచ్ఛ అను సంస్థ తెలుగులో లినక్సును రూపొందించుటకు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును విద్యార్థులలో వ్యాపింపజేయుటకు కృషి చేయుచున్నది. కేరళ రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో లక్షలాది పిల్లలు లినక్సు మీదనే కంప్యూటరు నేర్చుచున్నారు. వారు చేయగలిగినది మనము చేయలేమా?

కావున నా సూచన ఇది. ముందుగా ఒక్క యంత్రమును తీసికొనుడు. అందలి పత్రములను వేరొకచోట నకలు తీసి భద్రపరచుడు. లినక్సును పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, డిస్కును ముట్టక, దాని నుండియే నడిపి చూడుడు. తెర, ధ్వని, వైఫై, ప్రింటరు పనిచేయుచున్నవో లేదో పరీక్షింపుడు. యువకులు ఆడగోరు ఆటల పట్టిక వ్రాసికొని, ఒక్కొక్కటి నడచునో లేదో ముందే విచారింపుడు. ప్రోటాన్‌డీబీ అను జాబితాలో ఆటగాండ్రు తమ అనుభవములను వ్రాసియున్నారు. ఒక నెల అట్లు వాడిన పిమ్మట, కుదిరినచో స్థిరపరపుడు. కుదరనిచో యంత్రము ఎప్పటివలెనే ఉండును. విద్యార్థులలో ఇద్దరికి ఈ పని నేర్పి, వారిచే మరి ఇద్దరికి నేర్పింపుడు. ఖర్చు పెన్‌డ్రైవు వెల మాత్రమే.

అయ్యలారా, అమ్మలారా! గ్రంథాలయములో పుస్తకమునకు తాళము లేదు. బీరువాకు తాళము ఉన్నను దాని చెవి ఊరివారి చేతిలోనే ఉన్నది. పాతికేండ్లుగా ఈ సంస్థను నిలిపినది ఆ చెవియే. కంప్యూటరు విషయములోను ఆ చెవి మన చేతిలో ఉండవలెనన్నదే నా కోరిక. కొన్ని తలుపులు మనకు తెరచుకొనకపోవచ్చును. ఏ తలుపు ఎవరు మూసినారో తెలిసికొని, తెరచియున్న తలుపుల గుండా మన పిల్లలను నడిపించుట మనకు చేతనైన పని.